హవాయి విందులో... వండినవాళ్లూ కూర్చోవాలి!

రెండువందల ఏళ్ల కిందట హవాయి దీవుల్లో ఆడవాళ్లు కొబ్బరి తినకూడదు. అరటిపండ్లలో చాలా రకాలు ముట్టకూడదు. పందిమాంసం సరేసరి. మగవాళ్లతో కలిసి ఒకే పంక్తిలో కూర్చుని తినడమైతే ఊహకే అందని మాట. ‘కపు’ అని పిలిచే ఆ కట్టుబాట్లు మీరితే మరణశిక్ష కూడా పడేది! విచిత్రమేంటంటే, వంట పని మాత్రం మగవాళ్లదే. తమకో పొయ్యి, ఆడవాళ్లకో పొయ్యి... విడివిడిగా వండి పెట్టేవారు.

1819 మే నెలలో మొదటి కమేహమేహా రాజు చనిపోయాడు. ఆయన కొడుకు లిహోలిహో గద్దెనెక్కాడు. ఈ కట్టుబాట్లు ఇక చాలని పెద్ద రాణి కాహుమాను పట్టుబట్టింది. కొత్త రాజు కన్నతల్లీ ఆమెకే వత్తాసు పలికింది. అదే ఏడాది నవంబరులో పెద్ద విందు జరిగింది. మగవాళ్ల బల్ల ఒకవైపు, ఆడవాళ్ల బల్ల మరోవైపు. అందరూ చూస్తుండగా రాజు లేచి వెళ్లి ఆడవాళ్ల పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టాడు. అంతే! తరతరాల నిషేధం ఆ ఒక్క భోజనంతో కూలిపోయింది.

ఆడా మగా, పిల్లా పెద్దా కలిసి తినే హవాయి విందుకి ఆ శతాబ్దంలోనే ‘లువావ్’ అనే పేరు స్థిరపడింది. లువావ్ అంటే లేత చేమాకు. కొబ్బరిపాలతో కలిపి వండే ఆ ఆకుకూర పేరే విందు పేరయింది.

ఇప్పుడు ఆ లువావ్ హవాయి దాటి చాలా ఇళ్లలో పార్టీ థీమ్ అయింది. అమెరికాలో పుట్టినరోజులకీ, చదువు పూర్తయిన పిల్లల వేడుకలకీ మెడలో పూలదండలు, పువ్వుల చొక్కాలు, వెనక ఉకులేలే పాటలు మామూలే. అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ ఇంటి ఇల్లాలు ఎక్కడ? వంటింట్లో! అతిథులు ముందుగదిలో నవ్వుతుంటే ఆమె మూకుడు ముందు చెమటలు కక్కుతుంటుంది. కలిసి కూర్చుని తినడం కోసం మొదలైన విందులో వండినవాళ్లే కూర్చోకపోతే ఎలా?

అందుకే తీపి పదార్థాల పని ముందురోజే ముగించేయాలి. అదృష్టం ఏమిటంటే హవాయి మిఠాయిలు చాలావరకు అలా చేసుకోవడానికే పుట్టినట్టుంటాయి. మలసాడా లాంటివి ఒకటి రెండు మాత్రం వేరు. 1878 నుంచి చెరకు తోటల్లో పనికి వచ్చిన పోర్చుగీసువారు తెచ్చిన వంటకం ఇది. పులిసిన పిండిని నూనెలో వేయించి పంచదారలో దొర్లిస్తారు. వేడివేడిగా తింటేనే రుచి, గంట గడిస్తే చప్పబడిపోతుంది. ఇంట్లో విందుకి దీన్ని పక్కన పెట్టేయండి. కింది నాలుగింట్లోంచి రెండు ఎంచుకున్నా ఇరవైమందికి హాయిగా సరిపోతుంది.

హౌపియా

లువావ్‌లో ఇది లేకపోతే విందు పూర్తి కానట్టే. తెల్లగా, ముక్కలుగా కోసిన కొబ్బరిపాల జున్నులా ఉంటుంది. పూర్వం ‘పియా’ అనే దుంప పిండితో చేసేవారు. ఇప్పుడు అందరూ కార్న్‌ఫ్లోరే వాడుతున్నారు. గుడ్డు, పాలు, గోధుమ ఏవీ ఉండవు కాబట్టి శాకాహారులకీ, పాలు పడనివారికీ నిశ్చింతగా పెట్టొచ్చు.

కావల్సినవి: చిక్కటి కొబ్బరిపాలు - 2 కప్పులు, నీళ్లు - 1 కప్పు, పంచదార - అరకప్పు, కార్న్‌ఫ్లోర్ - అరకప్పు, ఉప్పు - చిటికెడు.

తయారీ: కప్పు నీళ్లలో కార్న్‌ఫ్లోర్ ఉండలు లేకుండా కలిపి పక్కన పెట్టుకోవాలి. మందపాటి గిన్నెలో కొబ్బరిపాలు, పంచదార, ఉప్పు వేసి సన్నటి మంటమీద వేడి చేయాలి. పొగలు వస్తుండగా కార్న్‌ఫ్లోర్ నీళ్లని మరోసారి కలిపి సన్నటి ధారగా పోస్తూ, చెయ్యి ఆపకుండా తిప్పాలి. చిక్కబడి మెరుపు వచ్చాక కూడా మరో రెండు మూడు నిమిషాలు ఉడకనివ్వాలి. ఇక్కడ తొందరపడితే పిండి వాసన పోదు, మర్నాటికి నీరు ఊరుతుంది. తడి చేసిన 8 అంగుళాల చదరపు పళ్లెంలో పోసి, చల్లారాక మూతపెట్టి కనీసం నాలుగు గంటలు ఫ్రిజ్‌లో ఉంచాలి. పాతిక ముక్కలు వస్తాయి.

రెండు రోజుల ముందు చేసినా బాగుంటుంది. డీప్ ఫ్రీజర్‌లో మాత్రం పెట్టొద్దు. గడ్డకట్టి కరిగాక కార్న్‌ఫ్లోర్ నీరు వదిలేస్తుంది, ముక్క స్పాంజిలా తయారవుతుంది. ఇంట్లో తీసిన కొబ్బరిపాలైతే తీసిన వెంటనే వండేయాలి. నిలవ ఉంటే పులుస్తాయి.

కులోలో

హవాయివాసులకి చేమ అన్నంతో సమానం. అక్కడి పురాణగాథ ప్రకారం చేమమొక్క మనిషికి అన్నయ్య! పసిఫిక్ దాటి పడవల్లో వచ్చిన తొలి పాలినీషియన్లు ఆ మొక్కని వెంట తెచ్చుకున్నారు. చేమతో చేసే మిఠాయే కులోలో. పూర్వం ఆకుల్లో చుట్టి, భూమిలో తవ్విన ‘ఇము’ అనే పొయ్యిలో గంటల తరబడి మగ్గబెట్టేవారు. కవాయి దీవి దీనికి పెట్టింది పేరు. మన చేమదుంపా అదే జాతి మొక్క కాబట్టి మన వంటింట్లోనూ ప్రయత్నించొచ్చు.

కావల్సినవి: పచ్చి చేమదుంప తురుము - 4 కప్పులు, చిక్కటి కొబ్బరిపాలు - కప్పున్నర, బెల్లం తురుము - కప్పుంబావు, ఉప్పు - చిటికెడు.

తయారీ: చేతులకి నూనె రాసుకుని దుంపలు చెక్కు తీసి సన్నగా తురమాలి. కొబ్బరిపాలలో బెల్లం కరిగించి వడకట్టి, తురుము, ఉప్పు వేసి బాగా కలపాలి. నెయ్యి రాసిన పళ్లెంలో అరటి ఆకు పరిచి మిశ్రమం పోసి, పైన ఇంకో ఆకు కప్పి, అల్యూమినియం రేకుతో గట్టిగా మూయాలి. 180 డిగ్రీల సెల్సియస్ ఓవెన్‌లో రెండు గంటలు ఉంచాలి. ఓవెన్ లేకపోతే ఇడ్లీల్లా ఆవిరిమీదే అంతసేపూ ఉడికించొచ్చు. అడుగున నీళ్లు తగ్గిపోకుండా మధ్యమధ్యలో చూసుకోవాలి. ముదురు బెల్లం రంగులోకి మారి, గట్టి హల్వాలా అయితే ఉడికినట్టే.

ఈ వంటకంలో సమయం తగ్గించుకోవాలని చూడొద్దు. చేమదుంపలో ఉండే సూదుల్లాంటి ఆక్సలేట్ స్ఫటికాల వల్లే నోరు దురదపెడుతుంది. బాగా ఉడికితేనే ఆ బాధ ఉండదు. అందరికీ పెట్టేముందు ఒక ముక్క రుచి చూడటం మర్చిపోవద్దు. మూడు రోజులు ఫ్రిజ్‌లో నిలవ ఉంటుంది. చల్లదనానికి గట్టిపడుతుంది కాబట్టి, వడ్డించేముందు కాస్త ఆవిరి చూపిస్తే మళ్లీ మెత్తబడుతుంది.

బటర్ మోచి

హవాయి చెరకు తోటల్లోకి చైనా, జపాన్, పోర్చుగల్, ఫిలిప్పీన్స్‌ల నుంచి కూలీలు వచ్చారు. వచ్చినవాళ్లు తమ వంటలూ తెచ్చారు. అవన్నీ ఇరుగుపొరుగు వంటిళ్లలో కలిసిపోయాయి. జపాన్ వారి జిగురు బియ్యప్పిండి, దీవుల కొబ్బరిపాలు, పాశ్చాత్యుల వెన్న కలిస్తే బటర్ మోచి. పైన కరకర, లోపల సాగుడు. పిల్లలు ఒకటితో ఆగరు.

కావల్సినవి: జిగురు బియ్యప్పిండి - 450 గ్రాములు, పంచదార - 2 కప్పులు, బేకింగ్ పౌడర్ - 2 చెంచాలు, కోడిగుడ్లు - 4, కొబ్బరిపాలు - 400 మి.లీ., మూడు కప్పుల పాలని సగానికి మరిగించి చల్లార్చినవి - కప్పున్నర, కరిగించిన వెన్న - 115 గ్రాములు, వెనిలా ఎసెన్స్ - 2 చెంచాలు.

తయారీ: పిండి, పంచదార, బేకింగ్ పౌడర్ ఒక గిన్నెలో, మిగతావి ఇంకో గిన్నెలో కలుపుకోవాలి. రెండింటినీ కలిపి దోసెపిండికంటే పల్చగా, ఉండలు లేకుండా చేయాలి. వెన్న రాసిన 13×9 అంగుళాల ట్రేలో పోసి 180 డిగ్రీల దగ్గర గంటసేపు, పైన బంగారు రంగు వచ్చేదాకా బేక్ చేయాలి. పూర్తిగా చల్లారాకే కోయాలి. వేడిమీద కోస్తే చాకుకి అంటుకుని సాగుతుంది. 24 ముక్కలవుతాయి.

మామూలు బియ్యప్పిండి దీనికి పనికిరాదు, ఆ సాగుడు రాదు. పెద్ద సూపర్ మార్కెట్లలో జిగురు బియ్యప్పిండి దొరుకుతుంది. ఇంకో సంగతి... దీన్ని ఫ్రిజ్‌లో పెట్టొద్దు! చల్లటి అన్నం గట్టిపడినట్టే ఇదీ బిర్రబిగుసుకుపోతుంది. విందుకి ముందురోజు రాత్రి చేసి, చల్లారాక మూత పెట్టి బయటే ఉంచి, మర్నాడు తినేయాలి.

అనాస చైనాగ్రాస్ కప్పులు

హవాయి అనగానే అనాసపండే గుర్తొస్తుంది. నిజానికి దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. 1901లో జేమ్స్ డోల్ అక్కడ అనాస కంపెనీ పెట్టి డబ్బాల్లో నింపి అమ్మడంతో ఆ పేరు అలా అతుక్కుపోయింది. విందు బల్లమీద పసుపురంగు మెరుపు కోసం ఈ కప్పులు ఉండాల్సిందే.

కావల్సినవి: అనాస ముక్కల గుజ్జు - 2 కప్పులు, పంచదార - ముప్పావుకప్పు, చైనాగ్రాస్ - 10 గ్రాములు, నీళ్లు - కప్పున్నర, సన్నగా తరిగిన అనాస ముక్కలు - అరకప్పు.

తయారీ: చైనాగ్రాస్‌ని కత్తిరించి నీళ్లలో 20 నిమిషాలు నానబెట్టి, అవే నీళ్లతో పూర్తిగా కరిగేదాకా మరిగించాలి. మరోపక్క గుజ్జు, ముక్కలు, పంచదార కలిపి ఐదు నిమిషాలు ఉడికించాలి. రెండూ వేడిగా ఉండగానే కలిపి చిన్న కప్పుల్లో పోసేయాలి. పదీ పన్నెండు కప్పులొస్తాయి.

చైనాగ్రాసే ఎందుకంటే... పచ్చి అనాసలోని బ్రొమిలైన్ అనే ఎంజైమ్ మాంసకృత్తుల్ని విరగ్గొడుతుంది. జెలటిన్ మాంసకృత్తే కాబట్టి పచ్చి అనాస కలిస్తే ఎన్ని గంటలున్నా గట్టిపడదు. చైనాగ్రాస్ సముద్రపు నాచు నుంచి వస్తుంది, దానికి ఆ బెడద లేదు. పైగా ఒకసారి బిగుసుకుంటే ఎండాకాలం మధ్యాహ్నమైనా బల్లమీద కరగదు. పులుపులో మరిగిస్తే మాత్రం దాని పట్టు తగ్గుతుంది. అందుకే నీళ్లలో విడిగా కరిగించడం.

ఆదివారం విందైతే...

శుక్రవారం రాత్రి: సరుకులు తెచ్చుకోవాలి. అరటి ఆకులు కడిగి తడిబట్టలో చుట్టాలి.

శనివారం ఉదయం: కులోలో పొయ్యి ఎక్కించాలి. అది ఉడికే రెండు గంటల్లో హౌపియా, అనాస కప్పులు రెండూ అయిపోతాయి.

శనివారం రాత్రి: మోచి బేక్ చేసి మూత పెట్టి పడుకోవడమే.

ఆదివారం: ముక్కలు కోసి పెట్టాలి. హవాయిలో హౌపియా ముక్కల్ని ‘టీ’ అనే మొక్క ఆకులమీద వడ్డిస్తారు. అరటి ఆకు ముక్కలు వాటికి చక్కటి ప్రత్యామ్నాయం. హౌపియా, కులోలో లాంటి కొబ్బరిపాల పదార్థాలు రెండు గంటలకి మించి బయట ఉంచకూడదు. ఎండ 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. సగం బల్లమీద పెట్టి, మిగతా సగం ఫ్రిజ్‌లోనే ఉంచి అయిపోయాక తీయడం మేలు.

ఇక కోయడం, సర్దడం, కప్పులు అందించడం... ఇవి ఇంట్లో మగవాళ్లూ పిల్లలూ చేయగలిగిన పనులే. పాత హవాయిలో వంటంతా మగవాళ్లే చేసేవారని ఓ మాట గుర్తు చేయండి, చాలు. ఆ తర్వాత మీరూ ఓ పూలదండ వేసుకుని, మొదటి హౌపియా ముక్క తీసుకుని అందరి మధ్యలో కూర్చోండి. ఒకప్పుడు అక్కడి ఆడవాళ్లకి దక్కని కొబ్బరి అది!