బుద్ధి వంశమున నున్నదా, వసారాలో నున్నదా?

బడి తెఱచిన దినములలో బిడ్డను చేర్పింప వచ్చు తండ్రులు నాతో తఱచుగా నొక మాట చెప్పుచుందురు: "మాస్టారూ, వీడికి బుద్ధి మందమండి. మా వంశంలో ఎవరికీ లెక్కలు రాలేదు. ఇక మీదే భారం." ఈ మాటలో రెండబద్ధములు గలవు. బుద్ధి వంశముతోనే నిర్ణయమైపోవుననుట మొదటిది. బిడ్డ మనస్సు బడి గడపకడనే మేల్కొనుననుట రెండవది. ఈ రెంటి చాటునను దాగియున్నది పెద్దల సోమరితనము.

పుట్టిన యింటికి బలము లేదని నేననను. తల్లి చదువును, ఇంటి యాదాయమును బిడ్డ బుద్ధివికాసముపై పనిచేయునని శాస్త్రజ్ఞులు పలుమాఱులు కనుగొనిరి. కాని యంతటితో తీర్పు ముగియలేదు. ఇంగ్లండులో 1997లో నారంభించి, సుమారు 3,000 మంది పిల్లలను మూడవయేటి నుండి పరిశీలించిరి. చదివి వినిపించుట, పాటలు నేర్పుట, అక్షరములతోను అంకెలతోను ఆడించుట, బొమ్మలు గీయించుట, గ్రంథాలయమునకు తీసికొనిపోవుట, ఇవి జరుగు నిండ్ల పిల్లలు ముందంజ వేసిరి. తలిదండ్రు లెవరన్నదానికంటె, వారు బిడ్డతో నేమి చేయుదురన్నదే ముఖ్యమని పరిశోధకులు తేల్చిరి.

"అది సంపన్న దేశము, పేదల కిది చెల్లునా?" యందురా? జమైకా దీవిని చూడుడు. కింగ్‌స్టన్ నగరపు పేదవాడలలో 1986-87లో, ఎదుగుదల కుంటువడిన 129 మంది పసివాండ్ర నెన్నుకొనిరి. వారిలో కొందఱి యిండ్లకు ఆరోగ్య కార్యకర్త వారమున కొక గంట పోయి, పాఱవేయు వస్తువులతో చేసిన బొమ్మలతో బిడ్డ నెట్లాడింపవలెనో, ఎట్లు మాటాడింపవలెనో తల్లికి చూపెను. ఇట్లు రెండేండ్లు సాగెను. ఇరువదియేండ్ల పిమ్మట ఆ పిల్లల సంపాదన, అట్టి సాయమందని సాటివారికంటె నూటికి 25 వంతులు హెచ్చుగా నుండెను. పోషకాహారము మాత్రమే పొందినవారికి అట్టి ఫలము నిలువలేదు.

ఇక మన యిండ్లకు వత్తము. సోలతో బియ్యము కొలుచుచు మనుమరాలిచేత లెక్కింపజేయు అమ్మమ్మ గణితము చెప్పుచున్నది. పొడుపుకథ విప్పించు తాత తర్కము చెప్పుచున్నాడు. వసారాలో సాగిన ఈ చదువును పట్టభద్రులమైన మనమే పాఱవైచితిమి. బిడ్డ ప్రశ్న వేసినచో "నోరు మూయి" అనుచున్నాము; ఏడ్చినచో చేతికి సెల్‌ఫోను నిచ్చుచున్నాము; మూడవయేట వేల రూపాయలు కట్టి బడికంపి, బాధ్యత తీఱెనని నిట్టూర్చుచున్నాము. తనకే చక్కగా రాని యింగ్లీషు ముక్కలు బిడ్డతో పలుకు తండ్రి, తన నోట నిండుగా నున్న తెలుగును బిడ్డకు దక్కకుండ చేయుచున్నాడు.

కూలికిపోవు తల్లిని నేను నిందింపను. పొద్దుగూకువఱకు నడుము వంచిన యామెకు కావలసినది ఉపన్యాసము కాదు, తోడ్పాటు. 1975లో నారంభమైన పథకమున మనకు అంగన్‌వాడీ లేర్పడినవి. అచ్చట బిడ్డ బరువు తూచుచున్నారు. ఇంట బిడ్డతో నెవరు మాటాడుచున్నారో కూడ నడుగవలదా? జమైకాలో సాధ్యమైన పని మన పేటలలో అసాధ్యమా?

నింద తీరికగల మనది. ఆ భారమునైనను స్త్రీపై మోపి పురుషుడు తప్పించుకొనరాదు. ఇకమీదట బుద్ధిమాంద్యమును గూర్చి మొఱపెట్టు తండ్రిని నేనొక్కటే యడుగుదును: "అయ్యా, నిన్న మీరు వీనితో నెంతసేపు మాటాడితిరి?"