బోస్టన్ గుండె మీద గుంటూరు థీసిస్

డిజిటల్ సిగ్నల్ ప్రాసెసింగ్‌లో ఎం.టెక్ చేసేవారికి రెండో ఏడాది దాదాపు ప్రాజెక్టుకే సరిపోతుంది. చాలా కాలేజీల్లో ఆ ప్రాజెక్టు మొదలయ్యే తీరు ఒక్కటే. ఈసీజీలోని రొద తీసెయ్యాలనుకున్న విద్యార్థి ఎంఐటీ-బీఐహెచ్ డేటాబేస్ డౌన్‌లోడ్ చేసుకుంటాడు. మాటను గుర్తించే పని ఎంచుకున్న అమ్మాయి టిమిట్ తెచ్చుకుంటుంది. బొమ్మను కుదించే పనైతే, టోపీ పెట్టుకుని భుజం మీదుగా చూసే లెనా ఫొటో ఎలాగూ ఉంది. మ్యాట్‌ల్యాబ్‌లో కోడ్ నడుస్తుంది, గ్రాఫులు వస్తాయి, వైవా అయిపోతుంది. గుంటూరులో రాసిన థీసిస్‌లో గుంటూరు సిగ్నల్ ఒక్కటీ ఉండదు. రెండేళ్లలో ఒక్క సిగ్నల్‌నైనా సొంతంగా రికార్డు చేయకుండానే సిగ్నల్ ప్రాసెసింగ్‌లో పట్టా చేతికొస్తుంది. ఈ పద్ధతి మారాలి.

అలాగని ఆ డేటాబేసులు ఆషామాషీవి కావు. ఎంఐటీ-బీఐహెచ్‌లో ఉన్నవి 1975, 1979 మధ్య బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆస్పత్రిలో తీసిన ఈసీజీలు. 47 మంది మనుషులు, అరగంట చొప్పున 48 రికార్డులు. ఒక్కో రికార్డునూ కనీసం ఇద్దరు గుండె వైద్యులు విడివిడిగా చూసి, ఏ స్పందన ఏ రకమో గుర్తులు పెట్టారు. ఆ గుర్తులే సుమారు 1,10,000. 1980లో బయటికొచ్చిన ఆ డేటా ఇప్పటికీ ప్రపంచమంతటికీ కొలబద్ద. టిమిట్‌లో 630 మంది అమెరికన్లు తలా పది ఇంగ్లీషు వాక్యాలు చదివారు. లెనా ఫొటో 1972 నవంబరు ప్లేబాయ్ సంచికలోది. 1973లో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో స్కాన్ చేశారు. 2024 ఏప్రిల్ నుంచి ఐఈఈఈ కంప్యూటర్ సొసైటీ ఆ బొమ్మ ఉన్న వ్యాసాలను తీసుకోవడం మానేసింది.

తేడా ఎక్కడుందో చూడటానికి ఒక్క అంకె చాలు. బోస్టన్ ఈసీజీలను సెకనుకు 360 శాంపిళ్ల చొప్పున అంకెలుగా మార్చారు. 360నే ఎంచుకోవడానికి కారణముంది. అమెరికాలో కరెంటు సెకనుకు 60 ఆవృత్తులు తిరుగుతుంది, ఆ రొద తీగల్లోంచి ఈసీజీలోకి చొరబడుతుంది. 360 శాంపిళ్లయితే ఒక్కో ఆవృత్తికి సరిగ్గా ఆరు వస్తాయి, ఆ రొదను కోసేసే ఫిల్టర్ రాయడం తేలిక. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. అదే లెక్కన ఆవృత్తికి 7.2 శాంపిళ్లు, ఆ సులువు పోతుంది. పైగా మన గ్రిడ్ నిబంధనలు ఆ యాభైని 49.90 నుంచి 50.05 దాకా కదలనిస్తాయి. 60 దగ్గర కోసే ఫిల్టర్‌ను థీసిస్‌లోంచి తీసి గుంటూరు ఆస్పత్రిలో ఉన్నదున్నట్టు పెడితే, మన రొద చెక్కుచెదరదు. అంకె మార్చడం నిమిషం పని. కానీ మార్చాలన్న సంగతి, ఆ రొదను కళ్లారా చూసిన విద్యార్థికే తడుతుంది.

ఆ రొదను చూడటానికి వెయ్యి రూపాయల లోపు దొరికే చిన్న ఈసీజీ బోర్డు, మూడు ఎలక్ట్రోడ్లు, ఒక ల్యాప్‌టాప్ చాలు. భద్రత కోసం ల్యాప్‌టాప్ ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీదే నడపాలి. ఊపిరి తీసుకున్నప్పుడల్లా గీత మెల్లగా పైకీ కిందికీ ఊగుతుంది. చెయ్యి బిగిస్తే కండరాల వణుకు గుండె స్పందనను కమ్మేస్తుంది. ఎలక్ట్రోడ్ కాస్త ఊడితే అంతా గందరగోళం. పాఠ్యపుస్తకంలో ‘నాయిస్’ అన్న ఒక్క మాటతో సరిపెట్టిన దానికి ఇన్ని ముఖాలున్నాయని తెలిసేది అప్పుడే. ఏ ముఖానికి ఏ ఫిల్టర్ కావాలన్న ప్రశ్న అక్కడే పుడుతుంది. ఎం.టెక్ నేర్పాల్సింది ఆ ప్రశ్న వేయడమే.

ఈ శాస్త్రంలో పెద్ద పద్ధతులు ఇలాంటి అవసరాల్లోంచే వచ్చాయి. ప్రతి విద్యార్థీ పరీక్షలో సీతాకోకచిలుక బొమ్మలు గీసే, సిగ్నల్‌లోని పౌనఃపున్యాలను వేగంగా లెక్కకట్టే ఎఫ్ఎఫ్‌టీనే చూడండి. 1963లో అమెరికా అధ్యక్షుడి శాస్త్ర సలహా సంఘం సమావేశంలో గణిత శాస్త్రవేత్త జాన్ టూకీ కాగితం మీద ఏదో లెక్క వేసుకుంటుంటే పక్కనున్న భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ గార్విన్ గమనించాడు. సోవియట్ యూనియన్ భూమి లోపల అణుపరీక్ష జరిపితే, దాన్ని భూకంపంతో పొరబడకుండా పసిగట్టాలన్నది గార్విన్ తాపత్రయం. ఆ లెక్కను ఐబీఎంలోని జేమ్స్ కూలీకి అప్పగించాడు, అసలు కారణం మాత్రం చెప్పలేదు. 1965లో కూలీ, టూకీల వ్యాసం వచ్చింది. 1,024 శాంపిళ్ల మీద పది లక్షలు దాటే గుణకారాలు అయిదు వేల పైచిలుకుకు దిగిపోయాయి. ఇదే కిటుకును గౌస్ 1805 ప్రాంతంలోనే గ్రహశకలాల కక్ష్యలు లెక్కకట్టడానికి వాడుకున్నాడని తర్వాత తేలింది. గార్విన్, గౌస్ ఇద్దరి ముందూ అసలైన కొలతలున్నాయి. మన విద్యార్థికి మాత్రం ఆ బొమ్మ పదహారు మార్కుల ప్రశ్నగానే ఎదురవుతోంది.

అందరూ కృత్రిమ మేధ వైపు పోతుంటే ఫిల్టర్లు, శాంపిళ్లు ఎవరికి కావాలని విద్యార్థులే అడుగుతున్నారు. జవాబు ఆ మేధలోనే ఉంది. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ తెలుగుతో సహా ఎన్నో భాషల మాటను అక్షరాల్లో పెడుతుంది. దానిలోకి శబ్దం సెకనుకు 16,000 శాంపిళ్లుగా వెళ్తుంది. 25 మిల్లీసెకన్ల ముక్కలుగా, పది మిల్లీసెకన్లకో అడుగు వేస్తూ, ఏ క్షణాన ఏ పౌనఃపున్యం ఎంతుందో చూపే స్పెక్ట్రోగ్రామ్‌గా మారాకే న్యూరల్ నెట్‌వర్క్ దాన్ని ముట్టుకుంటుంది. ఆ మొదటి మెట్టు మొత్తం సిగ్నల్ ప్రాసెసింగే. అక్కడ తప్పు జరిగితే పైన ఎంత పెద్ద నెట్‌వర్క్ ఉన్నా లాభం లేదు. ‘స’ పలికినప్పుడు వచ్చే శక్తిలో చాలా భాగం 4,000 హెర్ట్జ్ పైన ఉంటుంది. పాత పద్ధతి టెలిఫోన్ సెకనుకు 8,000 శాంపిళ్లే తీసుకుంటుంది, 3,400 దాటిన శబ్దాన్ని ముందే వదిలేస్తుంది. అలా వదిలేయకుండా శాంపిళ్లు తీస్తే 5,000 హెర్ట్జ్ శబ్దం 3,000 హెర్ట్జ్ వేషంలో వచ్చి కూర్చుంటుంది. తన గొంతునే రెండు రకాలుగా రికార్డు చేసి విన్న విద్యార్థి ఈ సంగతిని జన్మలో మరిచిపోడు.

ఇక్కడి గొంతులతో, ఇక్కడి రాడార్లతో పని సాగదనే అనుమానమూ అక్కర్లేదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివిన బి.యజ్ఞనారాయణ మద్రాసు ఐఐటీలో, తర్వాత హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో దశాబ్దాల పాటు మాట సిగ్నల్ మీద పనిచేశారు. కె.శ్రీరామమూర్తితో కలిసి 2008లో ఆయన వెలువరించిన పద్ధతి, గొంతులోని స్వరతంత్రులు మూసుకునే క్షణాలను శబ్దంలోంచే పట్టిస్తుంది. తిరుపతికి దగ్గర్లోని గాదంకిలో 1,024 యాంటెనాలున్న ఎంఎస్‌టీ రాడార్ 53 మెగాహెర్ట్జ్ తరంగాలను ఆకాశంలోకి పంపుతుంది. తిరిగొచ్చే ప్రతిధ్వని నుంచి పైగాలుల వేగాన్ని లెక్కిస్తారు. ఎత్తు పెరిగేకొద్దీ ఆ ప్రతిధ్వని రొదలో మునిగిపోతుంది. దాన్ని వెలికి తీయడం మీద శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో పరిశోధనలు జరిగాయి. పక్క ఊళ్లోనే సమస్య ఉంటే థీసిస్ ఎలా ఉంటుందో అవి చూపిస్తాయి.

నలుగురి ఫలితాలను పోల్చాలంటే అందరికీ ఒకే డేటా ఉండాలన్న వాదనలో నిజముంది. పోలిక కోసం బోస్టన్ రికార్డులు వాడాల్సిందే. అయితే థీసిస్‌లో కనీసం ఒక అధ్యాయం విద్యార్థి స్వయంగా తీసిన సిగ్నల్ మీద ఉండాలి. పరికరం ఏది, సెకనుకు ఎన్ని శాంపిళ్లు, గదిలో ఏముంది, పద్ధతి ఎక్కడ తప్పింది అన్నవి అందులో రాయాలి. బోస్టన్ డేటా మీద 99 శాతం వచ్చిన కచ్చితత్వం ఇక్కడ 85కి పడిపోతే మార్కులు తగ్గించకూడదు, ఎందుకు పడిందో వివరించినందుకు ఎక్కువ ఇవ్వాలి. రోగుల నుంచి తీసేదైతే ఆస్పత్రి నైతిక సంఘం అనుమతి, రోగి రాతపూర్వక అంగీకారం తప్పనిసరి. అందుకు నెలలు పడుతుంది కనుక దరఖాస్తు మొదటి ఏడాదిలోనే పెట్టించాలి. అనుమతి ఉన్న రికార్డులను పేర్లు తీసేసి విభాగంలో భద్రపరిస్తే తర్వాతి బ్యాచ్ అక్కడి నుంచి మొదలుపెడుతుంది. శ్రీకాకుళం మాట, ఆదిలాబాద్ మాట, పెద్దవాళ్ల గొంతు, పిల్లల గొంతు అన్నీ అందులో చేరవచ్చు. దీనికి కొత్త సిలబస్ కూడా అక్కర్లేదు. థీసిస్ మార్కుల పట్టికలో ఒక గడి కలిపితే సరి, వచ్చే బ్యాచ్ నుంచే అమలు చేయవచ్చు.