పరిశోధన ఆనర్స్: భిలాయ్‌లో జర్నల్స్ ఎవరికి?

భిలాయ్ ఐఐటీ విద్యార్థికి అంతర్జాతీయ జర్నల్స్ ఉచితం. అదే ఉక్కు నగరంలో ప్రైవేటు డిగ్రీ కాలేజీ విద్యార్థికి ఆ సదుపాయం లేదు. 2025 జనవరిలో మొదలైన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం దాదాపు 13 వేల జర్నల్స్‌ను ప్రభుత్వ సంస్థలకే తెరిచింది మరి!

కొత్త నాలుగేళ్ల డిగ్రీలో తొలి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు చివరి ఏడాది పరిశోధనతో ఆనర్స్ చేయొచ్చు. అందులోనూ 75 శాతం నిలబెట్టుకుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఉక్కు కార్మికుల పిల్లలకు, వారిలోని మన తెలుగు కుటుంబాలకూ, ఒక ఏడాది ఖర్చు మిగిలే దారి ఇది. కానీ జర్నల్స్ చదవకుండా పరిశోధన ఎలా?

ఛత్తీస్‌గఢ్‌లో 2024లో చేరిన బ్యాచ్ నాలుగో ఏడాదికి వచ్చేది 2027లో. పథకానికి కేటాయించిన 6,000 కోట్ల రూపాయలూ ఆ ఏడాది వరకే. పొడిగించేటప్పుడైనా ప్రైవేటు కాలేజీలను చేర్చాలి. ఈలోగా ఐఐటీ తన లైబ్రరీలో ఈ పిల్లలకు కూర్చునే చోటిచ్చినా కొంత నయం.