చౌక బేరమూ, నమ్మకమైన చేయీ

ఇల్లు కట్టించదలచుకొన్న పెద్దమనిషి మేస్త్రీని పిలిచి మొట్టమొదట అడిగే ప్రశ్న ఏది? "ఎంతకు కడతావు?" అని. అనుభవమున్నవాడైతే మాత్రం ఆ ప్రశ్నను చివరకు దాచుకొంటాడు. "నీవు కట్టిన మిద్దెలు నాలుగు చూపించు. వానాకాలంలో చూపించు" అంటాడు. ఒక్క మిద్దె కూడా కురవని మేస్త్రీ లోకంలో ఉండడు. కురిసినదాన్ని మళ్ళీ వెళ్ళి చూసి, ఎక్కడ కారుతున్నదో కనిపెట్టి బాగుచేసే మేస్త్రీ మాత్రం అక్కడక్కడ ఉంటాడు. మనకు కావలసినవాడు వాడే.

పక్కవీధి మేస్త్రీ విషయంలోనే ఇంత విచారించాలంటే, సముద్రానికి అవతలనున్న దేశానికి పని అప్పగించేవాడు ఎంత విచారించాలి? ఈ వారం ముచ్చట అదే. అమెరికాలోనో జర్మనీలోనో ఉన్న కంపెనీ తనకు కావలసిన సాఫ్ట్‌వేరును సొంత ఊళ్ళో వ్రాయించుకోదు. బెంగుళూరులోనో, హైదరాబాదులోనో, మరో దేశంలోనో వ్రాయిస్తుంది. ఆ చోటు ఎంచుకోవడం ఎలాగ?

తెలుగు పాఠాలు చెప్పుకొనేవాడికి ఈ గొడవ ఎందుకయ్యా అంటారేమో. నా దగ్గర ఛందస్సు చదువుకొన్న పిల్లలు చాలామంది ఇవాళ ఆ పనిమీదనే బ్రతుకుతున్నారు. పైగా నేనుండేది శ్రీహరికోట పొరుగున. పరాయిదేశంవారి పనిని నమ్మకంగా చేసిపెట్టడమంటే ఏమిటో తెలుసుకోవాలంటే ఆ దీవి చరిత్ర చాలును.

ఈ సంగతి మా ప్రాంతానికి కొత్తది కూడా కాదు. శ్రీహరికోటకు పడమట ఉన్న ఉప్పునీటి సరస్సు మీకు తెలిసిందే. దాని దక్షిణపు కొసన, ఇప్పటి తమిళనాట, పులికాట్ అనే ఊరున్నది. 1610 ప్రాంతాల డచ్చివారు అక్కడ దిగారు. 1613లో గెల్డ్రియా అనే కోట కట్టుకొన్నారు. వారికి కావలసింది మన నేతగుడ్డ. లవంగాలూ జాజికాయలూ పండే తూర్పు దీవులలో మన గుడ్డకు గిరాకీ ఎక్కువ. గుడ్డ కొనే కంపెనీలవారు మాటలు నమ్ముకొని కూర్చోలేదు. ముందుగా ఒక మచ్చుగుడ్డ దగ్గర పెట్టుకొని, నేసి తెచ్చిన తానులను దానితో పోల్చి చూసేవారు. సరిపోతే తీసుకొనేవారు, లేకపోతే తిప్పి పంపేవారు. బియ్యం కొట్టులో గుప్పెడు తీసి చూసే మనకు మచ్చు అంటే వేరే చెప్పాలా?

అయితే సాఫ్ట్‌వేరుకు మచ్చు చూడడం కష్టం. గుడ్డను ఒకసారి ఉతికితే రంగు సంగతి తేలిపోతుంది. ప్రోగ్రాములోని తప్పు ఏళ్ళ తరబడి నిద్రపోయి, సరిగ్గా అక్కరకు వచ్చే క్షణాన లేచి కూర్చుంటుంది.

1996 జూన్ 4న ఐరోపావారి ఏరియాన్-5 రాకెట్టు మొదటిసారిగా లేచింది. నలభై సెకన్లు నిండకముందే దారితప్పి ముక్కలైంది. పాత ఏరియాన్-4 కోసం వ్రాసిన ప్రోగ్రాము ముక్కను కొత్తదానిలో అలాగే ఉంచారు. కొత్త రాకెట్టు దారి వేరు, వేగం ఎక్కువ. పెద్ద అంకెను చిన్న గదిలో కూర్చోబెట్టబోతే గది పట్టలేదు. మూడేళ్ళ తరువాత, 1999 సెప్టెంబరు 23న, అమెరికావారి నౌక ఒకటి అంగారక గ్రహం దగ్గరకు చేరి మాయమైపోయింది. లాక్‌హీడ్ మార్టిన్ కంపెనీ ఇచ్చిన ప్రోగ్రాము అంకెలను పౌండ్ల కొలతలో వ్రాసింది. అందుకొన్నవారు అవి న్యూటన్ల కొలతలో ఉన్నాయనుకొన్నారు. ఇచ్చినవారిదీ పుచ్చుకొన్నవారిదీ ఒకే దేశం, ఒకే భాష. రెండు చేతులు కలిసే అతుకు దగ్గర సరిచూసేవారు లేకపోతే, దగ్గరివాడికి అప్పగించినా ఒకటే, దూరపువాడికి అప్పగించినా ఒకటే.

ఇక శ్రీహరికోట మాట. 1969లో ఆ చోటును ఎంచుకొన్నప్పుడు చూసిన గుణాలు అందరికీ తెలిసినవే. తూర్పున సముద్రం గనుక విరిగినది పడితే నీళ్ళలో పడుతుంది. భూమధ్యరేఖకు దగ్గర గనుక తూర్పుకు విడిచే రాకెట్టుకు భూమి తిరుగుడు కొంత తోపు ఇస్తుంది. జనవాసం తక్కువ. 1971 అక్టోబరు 9న రోహిణి-125 అనే చిన్న రాకెట్టుతో అక్కడ పని మొదలైంది. చోటుకు ఒక దోషమూ ఉన్నది. ధ్రువాలమీదుగా తిరిగే ఉపగ్రహాన్ని దక్షిణానికి పంపాలంటే దారిలో శ్రీలంక అడ్డు. రాకెట్టు వంపు తిరిగి వెళ్ళాలి. ఆ వంపులో కొంత బలం వృథా. ఈ దోషాన్ని దాచుకోలేదు, లెక్కలో వేసుకొని పని చేశారు. చిన్న రాకెట్ల కోసమని తమిళనాట కులశేఖరపట్నంలో రెండో చోటుకు 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన కూడా జరిగింది.

1993 సెప్టెంబరు 20న ఇక్కడినుంచి మొదటి పి.ఎస్.ఎల్.వి. లేచింది. రెండో అంతస్తు విడిపోయేటప్పుడు అనుకోని కుదుపు వచ్చింది. ఆ కుదుపును సర్దవలసిన కంప్యూటరు ప్రోగ్రాములో ఒక తప్పు దాగి ఉన్నది. ఉపగ్రహంతో సహా అంతా సముద్రం పాలయింది. చూశారా, ఇక్కడకూడా ప్రోగ్రాము తప్పే! తరువాత ఏం చేశారన్నదే చూడవలసిన సంగతి. కారణాలు వెదికారు, దిద్దారు, మళ్ళీ మళ్ళీ పరీక్షించారు. 1994 అక్టోబరు 15న రెండోది చక్కగా వెళ్ళి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది.

అప్పుడు వచ్చారు పరదేశంవారు. 1999 మే 26న మన ఉపగ్రహంతోపాటు కొరియావారిది ఒకటి, జర్మనీవారిది ఒకటి చిన్నవి వెళ్ళాయి. అవి మచ్చు అన్నమాట. 2007 ఏప్రిల్ 23న ఇటలీవారి ఎజైల్ అనే 352 కిలోల ఉపగ్రహాన్ని పూర్తిగా వ్యాపారపద్ధతిన పంపారు. 2017 ఫిబ్రవరి 15న ఒక్క రాకెట్టుమీద 104 ఉపగ్రహాలు వెళితే వాటిలో 101 పరదేశంవారివి. 2022లో ఉక్రెయిను యుద్ధం వచ్చి రష్యా రాకెట్లు అందుబాటులో లేకపోయేసరికి, బ్రిటనుకు చెందిన వన్‌వెబ్ కంపెనీ కొత్త చోటు వెదుక్కోవలసి వచ్చింది. వారు ఎంచుకొన్నవాటిలో శ్రీహరికోట ఒకటి. అదే సంవత్సరం అక్టోబరు 23న ముప్ఫైయారు, మరుసటి మార్చి 26న ముప్ఫైయారు ఇక్కడినుంచి వెళ్ళాయి.

ధర తక్కువని వచ్చారండీ అంటారు కొందరు. కాదనను. ధర మనిషిని గుమ్మందాకా తీసుకువస్తుంది. రెండోసారి వచ్చాడంటే అందుకు కారణం మాత్రం మొదటిసారి జరిగిన పనే. ఇన్ని కోట్ల వస్తువును పరాయిగడ్డమీద వదలి, దూరాన నిలబడి గడియారం చూసుకొనేవాడికి ధరలో మిగిలిన రూపాయి గుర్తుంటుందా?

మొన్నొకనాడు నా పాత శిష్యుడొకడు బెంగుళూరునుంచి వచ్చాడు. సాఫ్ట్‌వేరు కంపెనీలో పదేళ్ళుగా ఉన్నాడు. ముఖం చిన్నబోయి ఉన్నది.

"ఏమోయ్, ఒంట్లో బాగులేదా?" అన్నాను.

"ఒళ్ళు బాగానే ఉంది మాస్టారూ. మా పని ఇప్పిస్తున్న పరదేశం కంపెనీవాళ్ళు ఇంకో దేశాన్ని చూస్తున్నారట. అక్కడ మాకంటే చవక. వాళ్ళు వెళ్ళిపోతే మా జట్టు నలభైమందికీ పని ఉండదు. ధర తగ్గిద్దామంటున్నారు మా పైవాళ్ళు."

"ఎంతవరకు తగ్గిస్తారు? వాడూ తగ్గిస్తాడు గదా."

"మరేం చేయమంటారు?"

"పోయిన ఏడాది మీరు చేసిన తప్పుల పట్టిక వాళ్ళకు చూపించు" అన్నాను.

వాడు నావంక జాలిగా చూశాడు. మాస్టారికి వయసు రాకుండానే మతి పోయిందనుకొన్నాడు కాబోలు. "ఉన్న పనీ ఊడుతుంది మాస్టారూ!"

"వట్టి పట్టిక కాదు నాయనా. ఏ తప్పును ముందుగా మీరే కనిపెట్టారు, ఏది వాళ్ళు చెప్పాక తెలిసింది, ఎందుకు జరిగింది, మళ్ళీ జరగకుండా ఏం మార్చారు, అంతా వ్రాసి చూపించు. తప్పులు లేవనేవాణ్ణి తెలివైనవాడు నమ్మడు."

ఆ రాత్రి ఇద్దరమూ కూర్చొని, పని అప్పగించేవాడు అడగవలసిన ప్రశ్నలు నాలుగు తేల్చాము. మీలో ఎవరైనా ఇలాంటి పని ఇచ్చేవారైనా, పుచ్చుకొనేవారైనా పనికివస్తాయని వ్రాస్తున్నాను.

మొదటిది: ఈమధ్య ఏం చెడింది? చెడినట్లు మొదట కనిపెట్టింది చేసినవాడా, కొన్నవాడా?

రెండోది: చేసినవాడు కాక వేరొకడు సరిచూస్తాడా? వాడికి "ఆపండి" అనే అధికారం ఉన్నదా? 2024 డిసెంబరు 4న శ్రీహరికోటలో ఐరోపావారి ప్రోబా-3 జంట ఉపగ్రహాలు బయలుదేరవలసి ఉండగా, వాటిలో ఒక లోపం కనబడిందని ఆపేశారు. చూడవచ్చిన జనం నిట్టూర్చారు. మరునాడు సరిచేసి పంపారు. ఆపగలిగిన చోటనే అప్పగించాలి.

మూడోది: పనివాళ్ళు నిలకడగా ఉంటారా? ఆర్నెల్లకొకడు మారిపోతుంటే, నిన్నటి తప్పునుంచి నేర్చుకొన్నది ఎవడి బుర్రలో మిగులుతుంది? అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంవారి సంస్థ 1991లో సాఫ్ట్‌వేరు కంపెనీలకు ఐదు మెట్లు ఏర్పరచింది. మొదటి మెట్టుమీద పని మనుషుల అదృష్టాన్నిబట్టి జరుగుతుంది. ఐదో మెట్టుమీద తప్పుకు మూలం వెదికి ముందే అడ్డుకొంటారు. మన దేశపు కంపెనీలు ఐదో మెట్టు ఎక్కామని గోడకు పత్రాలు తగిలించుకొన్నాయి. సంతోషమే. ఆ పత్రం పద్ధతి ఉన్నదని చెబుతుంది. మీ పని చేయబోయే కుర్రవాడు ఆ పద్ధతి ప్రకారం నడుచుకొంటాడో లేదో మీరే చూసుకోవాలి.

నాలుగోది నా సొంత శాస్త్రానికి చెందినది, భాషకు. మనవాడు "అలాగేనండి" అంటే అర్థం ఏమిటి? "చేస్తాను" అని కావచ్చు. "విన్నాను" అని కావచ్చు. "పెద్దవారు, ఎదురు చెప్పలేను" అని కూడా కావచ్చు. ఇంట్లో మనకు స్వరాన్నిబట్టి తెలుస్తుంది. టెలిఫోనుకు అవతల ఉన్న పరదేశీయుడికి తెలియదు. అతను దాన్ని వాగ్దానం అనుకొంటాడు. నెల తిరిగాక "మాట తప్పారు" అంటాడు. మనవాడు "నేనెప్పుడన్నానూ?" అంటాడు. అంగారకుడి దగ్గర నౌకను పోగొట్టిన పౌండ్లూ న్యూటన్లూ ఇలాంటివే. అందుచేత ఎదురు ప్రశ్న వేసే జట్టును ఎంచుకోవాలి. "మీరు చెప్పింది ఇదేనా? ఇది కుదరదు, కారణం ఇది" అని మర్యాదగా చెప్పగలిగినవాడు పది "అలాగేనండి"ల పెట్టు.

శిష్యుడు ఆ పట్టిక తయారుచేసి పైవాళ్ళకు ఇచ్చాడట. వారు గొణుగుతూనే చివరి పుటలో పెట్టారట. పరదేశంవారు అన్నిటికంటె ఎక్కువసేపు ఆ పుట దగ్గరే ఆగి ప్రశ్నలు వేశారని ఫోను చేసి చెప్పాడు. పని నిలిచిందా, పోయిందా అనేది ఇంకా తేలలేదు. వాడి గొంతు మాత్రం తేలికపడింది.

ఇదే ప్రశ్న ఇప్పుడు శ్రీహరికోటకూ ఎదురైంది. 2025 మే 18న ఒక పి.ఎస్.ఎల్.వి. మూడో అంతస్తులో చెడింది. 2026 జనవరి 12న మరొకటి, అదీ మూడో అంతస్తులోనే చెడింది. ఈసారి పోయినవాటిలో పరదేశంవారి చిన్న ఉపగ్రహాలూ ఉన్నాయి. ఈ రెండింటి నడుమ, 2025 డిసెంబరు 24న, పెద్ద రాకెట్టు అమెరికావారి ఆరువేల కిలోల పైచిలుకు ఉపగ్రహాన్ని కక్ష్యలో చేర్చిన మాటా నిజమే. అయినా వచ్చేవాడు జయాల లెక్క చూసి ఊరుకోడు. మిద్దె రెండుసార్లు ఒకేచోట కారితే, ఎందుకు కారిందని అడుగుతాడు. 1993 తరువాత వెదికినట్లే వెదికి, తెలిసినది తెలిసినట్లు విప్పి చెప్పడమే దానికి జవాబు. ఆ జవాబు కోసం కొరియావాడూ ఇటలీవాడూ ఎంతగా చూస్తారో, ఆ దీవి పేరు చెప్పుకొని పొరుగూళ్ళలో చదువుకొంటున్న మా పిల్లలూ అంతగానే చూస్తారు. రేపు వారు ఏ దేశపు పని చేతబట్టినా, ముందుగా వినబడేది మనవారి పని ఎలాంటిదన్న మాటే కదా.