గొడ్ల చావిడి నుంచి కుక్కల హాస్టలుకి

బెజవాడలో కుక్కలకు హాస్టళ్ళు వచ్చాయి. వాడలో ఈ మాట చెబితే మొదట అందరూ నవ్వారు. "మనుషులకే దిక్కు లేదు, కుక్కలకు హాస్టలేందిరా" అన్నాడొక ముసలాయన. కానీ ఇది నవ్వి వూరుకునే సంగతి కాదు. మేం చూసినంతలో ఆ హాస్టళ్ళలో గిన్నెలో అన్నం పెట్టేదీ, గూళ్ళు కడిగేదీ, రాత్రిళ్ళు అక్కడే పడుకునేదీ ఎక్కువగా మన పిల్లలే. ఉయ్యూరు వైపు నుంచీ, పామర్రు వైపు నుంచీ పొద్దున్నే బస్సెక్కి పోతున్నారు. కొందరు నెలకోసారి గానీ ఇంటి మొహం చూడడం లేదు. వాళ్ళు పోయే చోట ఏం జరుగుతుందో, వాళ్ళు ఏం అడగాలో వాడలో తెలిసినవాళ్ళు తక్కువ. అందుకే ఈ నాలుగు మాటలు.

అసలీ హాస్టళ్ళు ఎందుకొచ్చాయి? డెల్టాలో భూములున్న కుటుంబాల పిల్లలు అమెరికాలో వున్నారు. కూతురి పురుటికని తల్లీతండ్రీ విమానమెక్కితే ఆర్నెల్లదాకా రారు. బెజవాడ పటమటలోనూ, పోరంకిలోనూ అపార్టుమెంట్లలో వుండేవాళ్ళలో మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వుద్యోగాలకు పోతారు. కుక్క ఒంటరిగా వుండి పగలంతా మొరుగుతుంది. వీళ్ళే ఊళ్ళో వున్నప్పుడు కుక్కని పాలేరు చూసుకునేవాడు. పాలేరు గొడ్లకి మేతేసేవాడు, వాకిట్లో కుక్కకింత కూడు పడేసేవాడు. ఊళ్ళోంచి మేడ దిగి పట్నంలో మేడ ఎక్కినప్పుడు వాళ్ళు పాలేరుని వదిలేశారు, కుక్కని తీసుకుపోయారు. ఇప్పుడా పాలేరు పనికే కొత్త పేరు పెట్టారు. పగటిపూట వుంచుకుంటే డే కేర్, రాత్రి కూడా వుంచుకుంటే బోర్డింగ్.

లోపల జరిగేదేమిటో చెబుతాం. పొద్దున యజమాని కుక్కని దింపుతాడు. పద్ధతిగా నడిచే చోట ముందు టీకా పుస్తకం చూస్తారు. రేబిస్ టీకా, పార్వో, డిస్టెంపర్ టీకాలు పడ్డాయా, తేదీ దాటిందా అని చూడాలి. చెవుల్లో, వేళ్ళ సందుల్లో పిడుదులున్నాయా అని వెతకాలి. ఎదకొచ్చిన ఆడకుక్కని వేరుగా పెట్టాలి. చిన్నవాటినీ పెద్దవాటినీ ఒక్కచోట వదలకూడదు. తిండి దగ్గర ప్రతి కుక్కనీ విడిగా వుంచాలి, పోట్లాటలు ఎక్కువగా అక్కడే వస్తాయి. కొత్త చోటుకొచ్చిన కుక్క ఒకటి రెండు రోజులు సరిగా తినదు, రాత్రంతా ఏడుస్తుంది. తిండి మారితే విరేచనాలు పట్టుకుంటాయి. అందుకే ఇంటి తిండే పంపించమంటారు. పార్వో జబ్బు సోకిన కుక్క ఒక్కటొచ్చినా దాని పురుగు నేలలో నెలల తరబడి బతుకుతుంది. బ్లీచింగుతో కడిగితే గానీ చావదు. ఆ కడిగే చేతులు ఎవరివో మీకు తెలుసు.

బెజవాడ ఎండ సంగతి వేరే చెప్పాలా? కుక్కకి మనలా ఒళ్ళంతా చెమట పట్టదు. నాలిక బయటపెట్టి రొప్పుతూ వేడి తగ్గించుకుంటుంది. పగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కకి ఆ రొప్పడం కూడా సరిగా చేతకాదు. మే నెలలో రేకుల షెడ్డు కింద కరెంటు పోతే గంటలో ప్రాణం మీదికొస్తుంది. అప్పుడు తడిగుడ్డ పట్టుకుని పరిగెత్తేది మనవాడే. కుక్క చనిపోతే మాట పడేదీ మనవాడే. జంతువులపై క్రూరత్వ నివారణకు 1960లో వచ్చిన చట్టం జంతువు తన సంరక్షణలో వున్న ప్రతివాడి మీదా బాధ్యత పెట్టింది. చట్టం మంచిదే. కానీ ఫ్యాను కొననివాడు ఒకడు, కేసు భయం మోసేవాడు ఇంకొకడు అయితే ఎట్లా?

ఇక రాత్రి సంగతి. గోడ మీద "ఇరవై నాలుగు గంటలూ మనిషి వుంటాడు" అని రాసుకుంటారు. ఆ మనిషి ఎవరు? మన తాతలు పాలేర్లుగా వున్నప్పుడు ఆసామి గొడ్ల చావిట్లో పడుకునేవాళ్ళు. పక్కన గొడ్డు, కింద గడ్డి. రాత్రి ఆవు ఈనినా, దూడ తాడు తెంపుకున్నా లేవాల్సింది వాళ్ళే. ఆ రాత్రికి కూలి లేదు. ఏడాది జీతంలోనే అదీ కలిసిపోయేది. ఈ రోజు వాళ్ళ మనవడు కుక్కల గూళ్ళ మధ్య చాప పరుచుకుని పడుకుంటున్నాడు. వాడి జీతంలోనూ రాత్రికి లెక్క లేదు. "పడుకోవడమేగా, పనేముంది" అంటున్నారు. ఇరవై కుక్కలు మొరుగుతుంటే పడుకునేదెవరు? రెండింటికి లేచి విరేచనం కడిగేదెవరు? కుక్క యజమాని దగ్గర రాత్రికి వేరే డబ్బు వసూలు చేస్తారు. కాబట్టి రాత్రికి ధర వుందని వాళ్ళకీ తెలుసు. ఆ డబ్బు మనవాడి చేతికి రావడం లేదంతే.

వరదొస్తే ఏమిటన్నది కూడా అడగాలి. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు సింగ్‌నగర్ మీద పడింది. ఆ మర్నాడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. జనం డాబాల మీద రోజుల తరబడి నీళ్ళకీ అన్నానికీ ఎదురుచూశారు. అలాంటి రాత్రి పల్లపు స్థలంలో కట్టిన షెడ్డులో గడియలేసిన గూళ్ళలో కుక్కలుంటే, ఆ గడియ ఎవరు తీస్తారు? మనవాడే తీస్తాడు. తీసి, వాటిని ఎక్కడికి తీసుకుపోతాడు? అంతకుముందే ఎత్తైన చోటు చూసిపెట్టాడా యజమాని? 1977 నవంబర్ 19 వుప్పెన దివిసీమకు నేర్పిన పాఠం ఒకటుంది. కట్టేసినదాన్ని విప్పడానికి మనిషి వుండాలి, ఆ మనిషి బతికి బయటపడే దారీ వుండాలి.

నిరుడు ఎండాకాలం ఒక కుర్రాణ్ణి కలిశాం. ఊరూ పేరూ రాయడం లేదు, వాడు పనిచేసే చోటు పేరూ రాయడం లేదు. రెండు కుక్కలు కొట్టుకుంటుంటే విడదీయబోయాడు. మణికట్టు మీద పళ్ళు దిగాయి. యజమానికి చెబితే, "టీకా ఏసిన కుక్కేరా, ఏం కాదు, పసుపు పెట్టుకో" అన్నాడట. మూడో రోజు వాళ్ళమ్మ చెయ్యి చూసి, ఏడ్చి, సర్కారు ఆసుపత్రికి లాక్కుపోయింది. సూదులు వేశారు. కుర్రాడు బాగానే వున్నాడు. ఆసుపత్రికి తిరిగిన రోజుల జీతం మాత్రం కోశారు. కరిచిన కుక్కకి టీకా పుస్తకం వుంది. కరిపించుకున్నవాడికి హాజరు పట్టీ కూడా లేదు.

కాబట్టి ఈ మాట వాడవాడలా చెప్పండి. కుక్క కరిస్తే వెంటనే ధారగా పారే నీళ్ళ కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. కారం, సున్నం, పసరు ఏదీ పెట్టొద్దు. అదే రోజు ఆసుపత్రికి పోవాలి. సర్కారు దవాఖానాలో మొదటి రోజు, తర్వాత 3వ, 7వ, 28వ రోజుల్లో సూదులు వేస్తారు. గాయం లోతుగా వుంటే గాయంలోకే ఇంకో మందు కూడా ఎక్కిస్తారు. బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులని మన పెద్దవాళ్ళకి ఇంకా భయం వుంది. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు భుజానికే వేస్తారు. రేబిస్ లక్షణాలు బయటపడ్డాక మనిషి బతకడం దాదాపు లేదు. అందుకే కుక్కల మధ్య పనిచేసేవాళ్ళకి కరవక ముందే వేసే టీకా వుంది. అది పనిలో పెట్టుకున్నవాడు తన ఖర్చుతో వేయించాలి. ఇంకొకటి. కుక్కల, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళలో వట్టి కాళ్ళతో నిలబడితే పగుళ్ళలోంచి లెప్టో అనే జ్వరం వస్తుంది. వరి మళ్ళలో నాట్లేసే మన ఆడవాళ్ళకీ అది రాగలదు. గూళ్ళు కడిగేవాడికి బూట్లూ చేతి తొడుగులూ అడగడం గొంతెమ్మ కోరిక కాదు.

కొందరు మిత్రులు అంటున్నారు: "సంక్షేమ హాస్టల్లో మన పిల్లలకి నీళ్ళచారు, అక్కడ కుక్కలకి కోడి మాంసం. ఇదీ ఈ దేశం. అది రాయండి." ఆ కోపం మాకూ వుంది. కానీ మన పిల్లల కూడు తిన్నది కుక్క కాదు. కుక్క మీద కోపం చూపిస్తే కూడు తిన్నవాడు తప్పించుకుంటాడు. మన వాడలో కుక్క ఎప్పుడూ పరాయిది కాదు. ఇల్లు తాళమేసి మిరపకాయల కోతకి గుంటూరు వైపు పోతే పక్కింటి పెద్దమ్మ మన కుక్కకింత గంజి పోస్తుంది. దానికి రసీదు లేదు. మనువు పదో అధ్యాయంలో చండాలుడు ఊరి బయట వుండాలన్నాడు, వాడి ఆస్తి కుక్కలూ గాడిదలే అన్నాడు. కుక్కని ముట్టుకోవడం ఆనాడు మన అంటుకి గుర్తు. ఆ పుస్తకాన్ని అంబేడ్కర్ 1927 డిసెంబర్ 25న మహాద్‌లో తగలబెట్టించారు. ఈనాడు అదే కుక్క కారులో ముందు సీట్లో కూర్చుంటోంది. సోఫా ఎక్కుతోంది. మంచిదే, దాని అంటు పోయింది. దాని దొడ్డి ఎత్తేవాడి అంటు పోయిందా? ప్రాణంతో సమానమైన కుక్కని మన చేతిలో పెడతారు. మన చేతి మంచినీళ్ళు పుచ్చుకోవడానికి ఇంకా వెనకా ముందూ చూస్తారు. అమెరికాలో వున్న కూతురికి సెల్లులో ఫోటో పంపిస్తారు. ఫోటోలో కుక్క వుంటుంది. గిన్నె పట్టుకున్న చెయ్యి వుంటుంది. మొహం వుండదు.

ఈ పని మానేయమని మేం చెప్పం. ఇది తక్కువ పని అని అసలే చెప్పం. భయపడ్డ కుక్కని దగ్గరికి తీసుకోవడం, జబ్బుని రెండు రోజుల ముందే కనిపెట్టడం విద్య. ఆ విద్య మనవాళ్ళకి వుంది. విద్యకి విద్య ధర కట్టించుకోవాలి. పనిలో చేరేముందు ఈ సంగతులు తేల్చుకోండి. జీతమెంతో, గంటలెన్నో కాగితం మీద రాయించుకోవాలి. రాత్రి వుంటే దాన్ని పనిగానే లెక్క కట్టాలి. వారానికో రోజు సెలవు. కరిస్తే వైద్యం ఖర్చూ, పోయిన రోజుల జీతమూ యజమానివే. ముందు జాగ్రత్త టీకా. పడుకోవడానికి గూళ్ళకి దూరంగా తలుపున్న గది. 2025 నవంబర్ 21న కొత్త కార్మిక కోడ్లు అమలులోకొచ్చాయి. అందులో వేతనాల కోడు కనీస వేతనాన్ని అన్ని రకాల పనివాళ్ళకీ వర్తింపజేసింది. గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలంది. ఆ కోడ్ల మీద సంఘాలకు పేచీలున్నాయి, ఆ పేచీలు అట్లా వుండగానే ఇందులో మనకి పనికొచ్చేది మనం అడుగుదాం.

మనలోనూ వుద్యోగాలు చేసేవాళ్ళున్నారు, కుక్కల్ని పెంచేవాళ్ళున్నారు. వాళ్ళకీ ఒక మాట. మీ కుక్కని అలాంటి చోట వదిలేముందు గూళ్ళు చూస్తారు, గాలి చూస్తారు, మంచిదే. రాత్రి ఎవరుంటారని అడగండి. ఆ కుర్రాణ్ణి పిలిపించి మాట్లాడండి. ఎన్ని కుక్కలకి ఒక మనిషో అడగండి. నిద్ర లేని మనిషి, జీతం అందని మనిషి మీ కుక్కని ఎంతకని చూస్తాడు? పనివాడు బాగున్న చోటే కుక్కా బాగుంటుంది.

కార్యకర్తలు ఈ పని ఇప్పుడే మొదలుపెట్టాలి. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు స్కూళ్ళు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్లలో వుండే వీధికుక్కల్ని షెల్టర్లకు తరలించమంది. అంటే రేపు మునిసిపాలిటీలూ షెల్టర్లు పెట్టాలి. కుక్కని పట్టడానికి, గూడు కడగడానికి కాంట్రాక్టరు మళ్ళీ మన వాడకే వస్తాడు. పాకీ పనిని మన కులాలకి కట్టబెట్టినట్టే దీన్నీ కట్టబెట్టనివ్వొద్దు. పని కావాలి, శిక్షణ కావాలి. పశువైద్య విశ్వవిద్యాలయం నడిపే పాలిటెక్నిక్కుల్లో పదో తరగతి తర్వాత పశుసంవర్ధక డిప్లొమా వుంది. గన్నవరంలో పశువైద్య కళాశాలే వుంది. మన పిల్లలు గూడు కడిగే చోటే ఆగిపోకుండా సూది వేసే చోటికీ వెళ్ళాలి.

మీ వాడ నుంచి ఈ పనికి ఎవరెవరు పోతున్నారో పేర్లు రాసుకోండి. రాత్రిళ్ళు ఎక్కడ పడుకుంటున్నారో అడగండి. టీకా వేయించారా అని అడగండి. పదిమంది పేర్లు ఒక కాగితం మీదికొస్తే అదే సంఘం. మన తాతలు గొడ్ల చావిట్లో పడుకున్న రాత్రుల కూలి ఎవరూ ఇవ్వలేదు. అడిగినవాడూ లేడు. మనవళ్ళ రాత్రుల కూలైనా అడుగుదాం.

జై భీమ్.