దెయ్యపు చేప యనుట న్యాయమా?

ఆంధ్ర, తెలంగాణముల చెరువులలో జాలరి వలకు నేడు పొలుసులకు మారుగా ఎముక పలకలు తొడిగిన వింత చేప యొకటి తగులుచున్నది. దాని ముండ్లకు వల చిరుగును. అమ్మబోయినచో కొనువాడు అరుదు. అందుచే జనులు దానిని ‘దెయ్యపు చేప’ యనిరి. వల పోగొట్టుకొన్నవాని కోపము సహజమే. పేరు మాత్రము అన్యాయము.

టెరిగోప్లిక్తిస్ అను ఈ ప్రజాతికి 1858లో గిల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు నామకరణము చేసెను. పుట్టినిల్లు అమెజాన్, ఒరినోకో నదులు. అచ్చట వరద తీసి, నీట ప్రాణవాయువు సన్నగిల్లినప్పుడు ఇది పైకి వచ్చి గాలి మ్రింగి, జీర్ణకోశముతోనే శ్వాసించును. మగచేప ఒడ్డున బొరియ త్రవ్వి గ్రుడ్లను కాచును. (ఇట్టి తండ్రిని దెయ్యమనుటకు నోరెట్లు వచ్చెనో!) అమెజాన్ తీరవాసులకు ఇది భోజనము, మాంసమును వేయించి, పొడిచేసి ‘పిరాకుయీ’ యను పేర నిలువ చేసికొందురు.

ఆ బొరియలే పరాయి గట్లను గుల్ల చేయుననుట నిజము. కాని సముద్రము దాటి ఇది తనంత రాలేదు. గాజు తొట్టిలో పాచి తినుటకై కొనితెచ్చి, మూరెడు పెరుగగానే చెరువులో విడిచినవాడు మనుష్యుడే. పైగా అది భూతదయ యని అతని తలంపు! బడిలో తొట్టి నిలుపు ఉపాధ్యాయుడు ఈ చేప ఎంత పెరుగునో కొనుటకు ముందే విచారింపవలెను; పెరిగిన పిదప దానిని చెరువునకు గాక, అమ్మిన దుకాణమునకే చేర్చవలెను.