చదరపు అడుగు లెక్క ఒప్పందంలో రాయాలి

మన తిరుపతి, చిత్తూరు జిల్లాల్లో బ్రాయిలర్ పెంపకం చాలావరకు కంపెనీల ఇంటిగ్రేషన్ కిందే సాగుతోంది. పిల్ల, దాణా, మందు కంపెనీవి. షెడ్డు, కరెంటు, నీళ్లు, రెక్కల కష్టం రైతువి. షెడ్డులోకి ఎన్ని పిల్లలు దిగుతాయో మాత్రం చాలాచోట్ల బండి వచ్చిన రోజే తెలుస్తుంది.

పక్కలు తెరిచి ఉన్న షెడ్లలో రెండు కిలోల కోడికి చదరపు అడుగు జాగా అన్నది అందరికీ తెలిసిన లెక్క. నలభై డిగ్రీలు దాటే రేణిగుంట ఎండల్లో అదీ చాలదు, పదికి ఒకటైనా తగ్గించాలి. కోడికి చెమట పట్టదు. నోరు తెరిచి రొప్పి ఒళ్లు చల్లబరచుకుంటుంది. ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చుంటే మధ్యలో గాలి ఆడదు. మేత తగ్గించి నీళ్లే తాగుతుంది, పలచగా పారుతుంది. కింద పరిచిన పొట్టు తడిసి ముద్దై అమ్మోనియా ఘాటు లేస్తుంది. షెడ్డులోకి వెళ్లగానే మన కళ్లే మండితే, నేలకు జానెడు ఎత్తులో బతికే కోడి సంగతేమిటి? పాదాలు పుండ్లు పడతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి, ఆ తడిలోనే రక్తపారుడు పెరుగుతుంది. దీన్ని మందులతో కప్పిపుచ్చే రోజులూ పోయాయి. కోళ్లకు కొలిస్టిన్ వాడకాన్ని కేంద్రం 2019లోనే నిషేధించింది.

దాణా సంగతీ అంతే. బూజు పట్టిన మొక్కజొన్నలోని అఫ్లాటాక్సిన్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది, టీకా వేసినా సరిగా పనిచేయనివ్వదు. ఉప్పు ఎక్కువైతే లిట్టరు తడుస్తుంది. 2021లో సోయా చెక్క ధర మండిపోయి, 12 లక్షల టన్నుల దిగుమతికి కేంద్రం అనుమతి ఇవ్వాల్సి వచ్చింది. అలాంటి రోజుల్లో బస్తాలో ఏమేం కలిసిందో రైతుకు చెప్పేవారెవరు?

నష్టం మాత్రం ఎఫ్‌సీఆర్ రూపంలో రైతు ఖాతాలోనే పడుతుంది. 5,000 కోళ్లు రెండేసి కిలోలు తూగితే 10 టన్నులు. కిలోకు 1.6 కిలోల దాణా పడితే 16 టన్నులు, 1.7 పడితే 17. ఆ టన్ను తేడా, అంటే 50 కిలోల బస్తాలు 20, రైతు చేతకానితనంగా లెక్కకట్టి చార్జీల్లో కోస్తారు. ఇరుకు వల్లనా, ఎండ వల్లనా, బూజు వల్లనా అని అడిగే గడి ఆ కాగితంలో లేదు.

మనలోనూ కొందరు ఇంకో నాలుగు వందలు దించమని అడుగుతున్నారు. కిలోల లెక్కన డబ్బు వచ్చేచోట ఆ ఆశ సహజమే. విదేశాల్లో ఇంకా ఎక్కువ పెంచడం లేదా అనే మాటా ఉంది. నిజమే. మన లెక్క చదరపు మీటరుకు 21, 22 కిలోలైతే, ఐరోపా సమాఖ్య 2007 నిబంధన 33 కిలోలు. అయితే అది దాటాలంటే అమ్మోనియా 20 పీపీఎం మించకూడదు. బయట 30 డిగ్రీలు దాటినప్పుడు, లోపలి వేడి బయటికంటే 3 డిగ్రీలకు మించి ఎక్కువ ఉండకూడదు. అందుకు కావలసిన ఫ్యాన్లు, కూలింగ్ ప్యాడ్లు అప్పు చేసి పెట్టాల్సింది మళ్లీ రైతే.

వేసవికీ, చలికాలానికీ విడివిడిగా చదరపు అడుగు లెక్క ఒప్పందంలోనే రాయాలని సంఘం కోరుతోంది. ప్రతి దాణా లోడు నుంచి రైతు ఎదుటే నమూనా తీసి సీలు వేయాలి. తగాదా వస్తే తిరుపతి శ్రీ వెంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం లాంటి తటస్థ సంస్థతో పరీక్ష చేయించాలి. ఫలితం వచ్చేదాకా కోత ఆపాలి. ఈలోగా దిగిన పిల్లల సంఖ్య, రోజూ చనిపోయినవి, మధ్యాహ్నం షెడ్డులో వేడి, దాణా బస్తాల మీది బ్యాచ్ నంబర్లు ప్రతి సభ్యుడూ ఒక పుస్తకంలో రాసిపెట్టుకోవాలి. కంపెనీలతో మాట్లాడడానికి కూర్చునే రోజున సంఘం ముందు పెట్టేవి ఆ పుస్తకాలే.